ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమా?

కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాభా రెండు పార్టీలుగా చీలిపోతుంది. మొదటిది పొదుపు పార్టీ. "అదే రాగి, అదే నీళ్ళు, జర్మనీ వాడి ముద్ర ఉంటే రెట్టింపు ఇవ్వాలా? చైనా సరుకు తెప్పించుకో గురూ" అంటారు వీళ్ళు. రెండోది దర్జా పార్టీ. "రెండు లక్షల మెషీన్లో నీళ్ళు పోస్తూ చవక సామాను కొంటావా? కొంటే మంచిదే కొను, లేకపోతే మానెయ్" అంటారు. ఈ రెండు పార్టీల వాదనలూ వినీ వినీ నాకు అర్థమైందేంటంటే, ఇద్దరూ ధర చూసి మాట్లాడుతున్నారు. ఆ పార్టు పాడైతే ఏమవుతుందో ఎవరూ చూడట్లేదు.

మనం ఆఫీసులో చేసే పనే తీసుకోండి. ప్రొడక్షన్ సిస్టమ్ డిజైన్ చేసేటప్పుడు ప్రతి సర్వర్‌కీ ఒకే ఖర్చు పెట్టం కదా! ఏది పడిపోతే మొత్తం పడిపోతుందో దాని మీద పెడతాం. ఒక వెబ్ సర్వర్ పోతే ఇంకోటి లేస్తుంది, డేటాబేస్ పోతే మన వీకెండ్ పోతుంది. వాటర్ కూలింగ్ కూడా అంతే. ఇందులో కొన్ని పార్టులు పాడైతే అవి మాత్రమే పోతాయి. కొన్ని పాడైతే పక్కనున్న గ్రాఫిక్స్ కార్డునీ, మదర్‌బోర్డునీ కూడా వెంట తీసుకుపోతాయి. మొదటి రకంలో పిసినారితనం చూపించొచ్చు. రెండో రకంలో చూపిస్తే మాత్రం ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

ముందు పిసినారితనం ఎక్కడ చెల్లుతుందో చూద్దాం.

ఫ్యాన్లు: చెడిపోతే ఏమవుతుంది? టెంపరేచర్ పెరుగుతుంది, చప్పుడొస్తుంది, పది నిమిషాల్లో మార్చుకుంటాం. నాక్టువా వాడి ఎన్ఎఫ్ ఏ12ఎక్స్25 అద్భుతమైన ఫ్యానే, కాదనను. కానీ ఆర్కిటిక్ పీ12 దాని ధరలో చిన్న భాగానికే వచ్చి రేడియేటర్ మీద చాలా మంచి పని చేస్తుంది. ఆరు ఫ్యాన్లు కావాల్సిన చోట ఆ తేడా చిన్నది కాదు.

రేడియేటర్: ఇక్కడ పేరు కంటే వైశాల్యం ముఖ్యం. ఖరీదైన 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒకటి కొనే డబ్బుతో మామూలువి రెండు వస్తే, కేసులో చోటుంటే, రెండోదే మంచి బేరం. చూడాల్సింది ఒక్కటే, లోపల గొట్టాలు రాగివో ఇత్తడివో అయ్యుండాలి. అల్యూమినియం అయితే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోండి. కారణం మళ్ళీ చెప్తాను.

వాటర్ బ్లాకులు: ఈ మాటకి దర్జా పార్టీ వాళ్ళకి కోపమొస్తుందేమో. బైక్‌స్కీ, బారో లాంటి చైనా కంపెనీల బ్లాకులకీ, పేరున్న యూరప్ బ్లాకులకీ మధ్య తేడా చాలా సందర్భాల్లో కొన్ని డిగ్రీల లోపే ఉంటుంది. పైగా ఇప్పటి ప్రాసెసర్లలో అసలు అడ్డంకి బ్లాక్ దగ్గర లేదు, సిలికాన్ నుంచి పైన మూతకి వేడి చేరే దారిలో ఉంది. 2022లో వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్‌నే చూడండి. ఫుల్ లోడ్ మీద 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడ నిలబడేలా ఏఎండీ వాళ్ళే డిజైన్ చేశారు. దానికి ఎంత ఖరీదైన బ్లాక్ పెట్టినా మీటర్లో కనపడే ఆనందం తక్కువే.

ఇంకో అపోహ కూడా ఉంది. "నీళ్ళు ముందు ప్రాసెసర్‌కి వెళ్ళాలా, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళాలా" అని గంటలు గంటలు కొట్టుకుంటారు. ఇంజనీరింగ్‌లో సగం నిద్రలో విన్న ఫార్ములా ఇక్కడ పనికొస్తుంది. ఒక కేజీ నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 4,186 జౌళ్ళు కావాలి. నిమిషానికి 4 లీటర్లు తిరుగుతున్న లూపులో 400 వాట్ల కార్డు మీంచి నీళ్ళు వెళ్తే పెరిగేది సుమారు 1.4 డిగ్రీలు. అంతే! పైపులు ఎటునుంచి ఎటు తిప్పితే సులువో అటే తిప్పుకోండి.

ఇక రంగురంగుల లైట్లూ, క్రిస్టల్ రిజర్వాయర్లూ, పాలలాంటి తెల్లటి పేస్టల్ ద్రవాలూ... చూడ్డానికి బాగుంటాయి. సరదాకి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, మన డబ్బులు, మన ఇష్టం. కాకపోతే దాన్ని సరదా అనే అనుకోవాలి. పర్ఫార్మెన్స్ పద్దులో రాయకూడదు. లైట్లకి పెట్టి పంపు దగ్గర కక్కుర్తి పడితే అది పైన పటారం లోన లొటారం.

ఇప్పుడు చెయ్యి బిగించకూడని చోట్లు.

పంపు: ఈ మొత్తం వ్యవస్థలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఇదే. ఈ రంగంలో ఏళ్ళ తరబడి నిలబడ్డ పేరు డీ5. మొదట లాయింగ్ కంపెనీది, తర్వాత జైలెం చేతికొచ్చింది. దీనిలో మోటారు నుంచి బయటికొచ్చే షాఫ్టు లేదు, కాబట్టి దాని చుట్టూ అరిగిపోయి కారే సీలు కూడా లేదు. లోపలి రోటరు అయస్కాంత బలంతో ఒక సిరామిక్ గోళీ మీద తిరుగుతుంది. మార్కెట్లో "డీ5 స్టైల్" అని అచ్చు అలాగే కనపడేవి బోలెడున్నాయి. ఆ "స్టైల్" అన్న మాట చూడగానే మన చెవులు నిక్కబొడుచుకోవాలి. ఇంకో సంగతి, పంపు వేగం మదర్‌బోర్డుకి చెప్పే వైరు ఉన్నదే కొనండి. బయోస్‌లో అలారం పెట్టుకోండి. లినక్స్ వాడేవాళ్ళయితే ఆర్పీఎం సున్నాకి పడగానే షట్‌డౌన్ చేసే పది లైన్ల స్క్రిప్టు మీకో లెక్కా?

ట్యూబులూ, ఫిట్టింగులూ: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఒక రేడియేటర్, పంపు... నాలుగింటికి రెండేసి చొప్పున ఎనిమిది ఫిట్టింగులు. రెండో రేడియేటర్ పెడితే పది. అంటే నీళ్ళు కారడానికి పది అవకాశాలు. ఒక్కో చోటా ఆపేది చిన్న రబ్బరు రింగు. ఇంట్లో గ్యాస్ స్టవ్ ట్యూబు దగ్గర ఎవరైనా బేరమాడతారా? ఐఎస్ఐ మార్కు చూసి కొని, క్లిప్పు గట్టిగా బిగించి, సబ్బు నురగ రాసి మరీ చూస్తాం. ఇక్కడా అదే బుద్ధి ఉండాలి.

ఇందులో ఓ తమాషా ఉంది. అన్నిటికంటే నమ్మకమైనది అన్నిటికంటే ఖరీదైనది కానే కాదు. మందపాటి నల్ల ఈపీడీఎం రబ్బరు ట్యూబు, మామూలు బార్బ్ ఫిట్టింగు, దాని మీద ఒక స్క్రూ క్లాంపు. చూడ్డానికి లారీ రేడియేటర్‌లా ఉంటుంది, ఎవరూ ఫొటో తీసుకోరు. కానీ ఊడదు. అదే మెరిసే గట్టి పీఈటీజీ గొట్టాలు 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడటం మొదలుపెడతాయి. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 36 డిగ్రీలుందనుకోండి, లోడు మీద నీళ్ళు దానికి 10 ఎక్కువ ఉంటే 46. ఇక మిగిలిన మార్జిన్ ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ సమయంలో పంపు ఆగితే? చవక పీవీసీ ట్యూబులది ఇంకో రోగం. వాటిని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ నీళ్ళలోకి దిగి, బ్లాకులోని సన్నటి గాళ్ళలో జిగురులా పేరుకుపోతుంది.

ద్రవం, లోహాల పొత్తు: అల్యూమినియం సంగతి చెప్తానన్నాను కదా. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో కరెంటు పారే నీళ్ళు... దీన్ని మనం స్కూల్లో బ్యాటరీ అన్నాం. రాగి బ్లాకూ, అల్యూమినియం రేడియేటరూ ఒకే లూపులో ఉంటే అల్యూమినియం కరుగుతూ పోతుంది. ఫ్యాక్టరీలో సీలు వేసి అమ్మే రెడీమేడ్ కూలర్లలో ఈ జోడీయే ఉంటుంది. కానీ వాటిలో తుప్పు నిరోధకం సరిపడా కలిపి మూసేస్తారు. మనం ఇంట్లో విప్పి పోసేదానికి ఆ భరోసా లేదు. 2017లో ఈకే వాళ్ళు పూర్తిగా అల్యూమినియంతో చవక కిట్లు తెచ్చారు. అన్నీ అల్యూమినియమే అయితే ఫరవాలేదు, రేపు దానికో రాగి బ్లాకు తగిలిస్తేనే చిక్కు. నీళ్ళు కూడా బోరు నీళ్ళూ, మంచినీళ్ళ బాటిలూ పనికిరావు. తుప్పునీ నాచునీ ఆపే మందు కలిసిన కూలెంట్ గానీ, డిస్టిల్డ్ వాటర్‌లో ఆ మందులు కలిపి గానీ పొయ్యాలి. మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం.

"అయితే ఈ నాలుగు చోట్లా ఖరీదైనది కొంటే నిశ్చింతేగా" అంటారా? చరిత్ర అలా అనట్లేదు. 2004లో ఆపిల్ వాళ్ళు పవర్‌మ్యాక్ జీ5లో 2.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్లు రెండు పెట్టి లిక్విడ్ కూలింగుతో అమ్మారు. ధర 2,999 డాలర్లు. అంతకంటే దర్జా ఏముంటుంది? కొన్నేళ్ళు గడిచాక వాటిలో చాలా మెషీన్లలో కూలెంట్ కారి, ప్రాసెసర్ల నుంచి అడుగునున్న పవర్ సప్లై దాకా పాడయ్యాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, ఈ రంగంలో పెద్ద పేరైన ఆ స్లొవేనియా కంపెనీ ఈకే, సప్లయర్లకీ ఉద్యోగులకీ బకాయిలు పడిందని 2024లో గేమర్స్ నెక్సస్ బయటపెట్టింది. అమ్మినవాడే ఇబ్బందుల్లో పడితే వారంటీ కార్డు ఎంతవరకు ఆదుకుంటుంది?

ఖరీదైన పేరు కొంతవరకే కాపాడుతుంది. మిగతాది మన చేతిలో ఉన్న పని. ఆ పనికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు. నీళ్ళు పోసే ముందు గాలి పంపూ మీటరూ ఉన్న లీక్ టెస్టర్‌తో అర బార్ దాకా గాలి కొట్టి, పావుగంట ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. కొత్త రేడియేటర్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి లోపలి ఫ్లక్స్ చెత్త బయటికి పంపాలి. ఏడాదికోసారి ద్రవం మార్చాలి. అడుగున డ్రెయిన్ కోసం ఒక చోటు మొదట్లోనే పెట్టుకోవాలి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో రామ్ దొరికినంత సులువుగా ఓ-రింగు దొరకదు కాబట్టి కొన్నప్పుడే నాలుగు ఎక్కువ తెప్పించుకోవాలి. పార్టులకి లక్ష పోసి ఏడాదికో ఆదివారం ఇవ్వలేనివాడికి ఈ వ్యవహారం వద్దు.

అలాంటివాళ్ళే మనలో ఎక్కువ. రిలీజులూ, ఆన్‌కాల్, పిల్లల స్కూలు, పండక్కి ఊరు. నిజం చెప్పాలంటే ప్రాసెసర్ ఒక్కదాని కోసం అయితే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 లాంటి గాలి కూలర్ చాలా తక్కువలో దాదాపు అంతే పని చేస్తుంది. అది చెడిపోయిందంటే ఒక ఫ్యాను చెడిపోయిందని అర్థం. ఎంత నీళ్ళు పోసినా గది వేడి కంటే కిందికి దిగవు, ఆ సూత్రం చైనా సరుక్కీ జర్మనీ సరుక్కీ ఒకటే. నీళ్ళు నిజంగా పనికొచ్చేది 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090, 575 వాట్ల 5090 లాంటి కార్డుల దగ్గర. చప్పుడు తగ్గాలి, వేడి గట్టిగా దిగాలి అనుకుంటే అక్కడ పెట్టండి.

అలా పెట్టాలనే నిర్ణయించుకుంటే, కార్టులో ఉన్న ప్రతి వస్తువు పక్కనా ధరతో పాటు ఇంకో కాలమ్ గీయండి: "ఇది పోతే దీంతో పాటు ఇంకేం పోతుంది?" ఏమీ పోదు అని రాసిన చోట ధైర్యంగా బేరమాడండి. గ్రాఫిక్స్ కార్డు అని రాయాల్సొచ్చిన చోట మాత్రం పర్సు తియ్యండి, తీసేటప్పుడు సణుక్కోకండి.