పైపు పగిలితే చెట్టుకు శిక్షా?

ఇంటి ముందు డ్రైనేజీ పొంగితే మొదటి గొడ్డలి వేటు చెట్టు మీదే పడుతుంది. నిజానికి బాగున్న పైపును వేరు బద్దలు కొట్టడం అరుదు. పాత కాలనీల్లోని స్టోన్‌వేర్ పైపుల అతుకుల్లో సిమెంటు పగిలి, తేమ మట్టిలోకి ఊరుతుంది; ఆ తడి తగిలిన చోట పీచువేళ్లు గుబురుగా పెరిగి, వెంట్రుకవాసి సందులోంచి లోపలికి దూరతాయి. అక్కడ వాటికి నీరూ ఎరువూ రెండూ పుష్కలం. ఆ పీచుకు వంటింటి జిడ్డు, గుడ్డపేలికలు తట్టుకుని పైపు పూడుకుపోతుంది. లావెక్కిన వేరు అతుకును మరింత విడదీయడం ఆ తర్వాతి సంగతి. అతుకును వదిలేసి చెట్టును కొట్టేస్తే మురుగు భూమిలోకి ఇంకుతూనే ఉంటుంది.

ఇప్పుడు వేసేవి పీవీసీ పైపులే కదా, భయమెందుకు అనేవారున్నారు. అతుకు సరిగ్గా కుదిరినంతవరకు ఆ మాట నిజమే. మట్టి కుంగినా, ఛాంబరు గోడ చీలినా కాదు. రావి, మర్రి జాతులను, కోనోకార్పస్‌ను మాత్రం పైపు దరిదాపుల్లోకి రానివ్వకూడదు. కోనోకార్పస్ నాటడాన్ని గుజరాత్ 2023లో నిషేధించింది కూడా. పెద్ద చెట్టుకు 20 అడుగుల ఎడం ఉండాలంటే, రెండు వందల గజాల స్థలంలో అది ఎక్కడ దొరుకుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అలాంటి చోట వేపకు బదులు కరివేపాకు, దానిమ్మ, మందార చాలు; అవీ పైపుకు కాస్త ఎడంగానే. గొయ్యి తవ్వకముందే ఒక ఛాంబరు మూత నుంచి ఇంకోదానికి ముగ్గుతో గీత గీస్తే పైపు దారి చాలావరకు తెలిసిపోతుంది.