రోగిని అడగని చికిత్స

కాన్సర్ అని తేలిన నాడు మన ఇళ్లలో మొదట జరిగే పని ఆ మాట రోగి చెవిన పడకుండా చూడటం. "గొంతులో చిన్న పుండు, నాలుగు రోజులు కరెంటు పెడితే మానిపోతుంది" అంటారు. కుమారుడు, అల్లుడు వైద్యుని గదిలోకి వెళతారు. రోగి బయట బల్లపై కూర్చుని ఉంటాడు. ఇదంతా ప్రేమతోనే చేస్తారు. అయినా ఈ పద్ధతి తగదని నా దృఢమైన అభిప్రాయం.

స్వరపేటికకు వచ్చే కాన్సర్‌నే తీసుకుందాం. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవారిలో ఇది ఎక్కువ. వ్యాధి కొంత ముదిరిన దశలో తరచు రెండు మార్గాలుంటాయి. శస్త్రచికిత్సతో స్వరపేటికను పూర్తిగా తొలగించడం ఒకటి. అప్పుడు మెడకు చేసిన రంధ్రం ద్వారానే శ్వాస; సహజమైన కంఠస్వరం ఇక రాదు. కీమోథెరపీ, రేడియేషన్‌లతో స్వరపేటికను నిలుపుకొనే ప్రయత్నం రెండవది. 1991లో అమెరికాలో 332 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ల తరువాత జీవించి ఉన్నవారు ఉభయ వర్గాలలోనూ 68 శాతమే. రెండవ మార్గాన వెళ్లినవారిలో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది; మిగిలినవారికి శస్త్రచికిత్స తప్పలేదు. వ్యాధి మృదులాస్థిని దాటిపోతే మాత్రం శస్త్రచికిత్సకే వైద్యులు మొగ్గుతారు. స్వరపేటిక మిగిలినా మింగడం కష్టమయ్యేవారూ ఉంటారు.

ఆయుర్దాయం సమానమైనప్పుడు ఏది మేలో నిర్ణయించవలసినది ఎవరు? ఈ ప్రశ్న బరువు మా కూచిపూడిలో బాగా తెలుస్తుంది. నట్టువాంగం చెప్పే గురువుకు, కలాపంలో సంభాషణలు పలికే నటునికి కంఠం పోవడమంటే బ్రతుకుతెరువు, పేరు ఒక్కసారే పోవడం. ప్రక్క ఊరి రైతుకు "గొంతు పోతే పోనీ, ముందు ఆ గడ్డ తీసివేయండి" అనిపించవచ్చు. ఇద్దరి మాటా సరైనదే. కాని ఆ మాట అనవలసినది అల్లుడు కాదు.

ఆయుర్వేదంలో రోగి చెప్పినట్లు వినవలసినవాడే గదా అని కొందరంటారు. చరకుడు సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో వైద్యుని ఆదేశాన్ని పాటించడం ఉన్నమాట నిజమే. దాని ప్రక్కనే అభీరుత్వం, అంటే భయపడకపోవడం, జ్ఞాపకత్వం, అంటే తన బాధను తెలియజెప్పగలగడం కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ మరచి మొదటిదానినే పట్టుకోవడం మన సౌకర్యం కొరకే! తన రోగమేమిటో తెలియనివాడు ఏమి తెలియజెప్పగలడు?

న్యాయస్థానమూ ఇదే మార్గంలో నడిచింది. పరీక్ష కొరకు మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె తల్లి అనుమతితో గర్భాశయం, అండాశయాలు తొలగించిన కేసులో, 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయ పరిస్థితి లేనప్పుడు, తెలివిగల వయోజన రోగి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదన్నది. అది కాన్సర్ కేసు కాదు గాని, మన ఆస్పత్రులలో ఈనాటికీ కుమారుడు సంతకం చేసే కాగితాలకు అది వర్తించదా?

దాచడం వలన మరొక చిక్కు ఉన్నది. మా వంటి వైద్యులు దీనిని తరచు చూస్తారు. రోగి నొప్పి తగ్గగానే "పుండు మానింది" అనుకొని రేడియేషన్ మధ్యలోనే మానివేస్తాడు. లేదా ఎవరో చెప్పిన పసరు కీమోథెరపీ జరుగుతుండగానే రహస్యంగా త్రాగుతాడు. కొన్ని మూలికలు కాలేయంపై భారం మోపుతాయి, కొన్ని మందుల పనిని మారుస్తాయి. కాన్సర్‌ను కషాయంతో కుదుర్చుతామనేవారిని నేను నమ్మను. పథ్యం, నిద్ర, మలబద్ధక నివారణ వంటి విషయాలలో మా సాయం ఉపయోగపడుతుంది, అదీ ఆస్పత్రి వైద్యునికి తెలిసి.

అన్నీ వినాలని అందరికీ ఉండదు. "నాకేమీ చెప్పవద్దు, పెద్దబ్బాయి ఎలా అంటే అలా కానివ్వండి" అనే పెద్దలూ ఉన్నారు. వారి కోరిక వారిదే. అయితే ముందుగా వారిని అడగాలి, గది బయట బల్లపై కాదు, వైద్యుని ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి.