సరుకు రైతుది, పేరు మరొకరిది

మచిలీపట్నం: గుడివాడ, దివిసీమ ధాన్యం కళ్లం దాటగానే ఊరి పేరు పోగొట్టుకుంటున్నది. 75 కిలోల బస్తాగా మిల్లుకు చేరి, 25 కిలోల సంచీలో మిల్లరు మార్కుతో బయటికి వస్తున్నది. నాణ్యతకు పలికే అదనపు ధర పండించినవారికి దక్కడం లేదు.

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలోనూ ఒకప్పుడు ఇదే తంతు. పోయాక్‌లోని మూతోన్ రోత్‌షీల్డ్ తోట ఎర్ర వైను పీపాలలో వర్తకుల గిడ్డంగులకు చేరేది, సీసాలకెత్తేది వారే. 1924లో తోట నిర్వహణ చూస్తున్న ఫిలిప్ రోత్‌షీల్డ్ పంటంతా తోటలోనే సీసాలకెత్తించారు. కల్తీకి సందు తగ్గింది. అయితే సరుకు తమవద్దే ఉంచుకోవాలంటే చోటు కావాలి. అందుకు 1926లో నూరు మీటర్ల పొడవైన గిడ్డంగి కట్టించవలసి వచ్చింది. 1855 వర్గీకరణలో రెండవ తరగతిలో నిలిచిన ఆ తోట 1973లో మొదటి తరగతికి ఎక్కింది.

ఆయన సంపన్నుడు, ఇక్కడి కౌలురైతుకు ఆ స్తోమతు ఎక్కడిది? 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమలో మబ్బు పట్టితే చాలు, పచ్చి ధాన్యమైనా వచ్చిన ధరకు తెగనమ్ముకోవలసిందే. అప్పు ఒకవైపు, వాన ఒకవైపు తరుముతుంటే బేరమాడే తీరిక ఉండదు.

ఒంటరి రైతుకు సాధ్యం కానిది సహకార సంఘానికి సాధ్యమే. ఆరబెట్టే యంత్రం, గిడ్డంగి, నిల్వ సరుకుపై రుణం ముందు సమకూర్చాలి. సంచీపై ఊరి పేరు ఆ తరువాత. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మిఠాయికి దక్కిన పేరు అన్నానికి దక్కకపోవడం న్యాయం కాదు.