కొండ కాలితే తప్పెవరిది?



ఈసారి ఎండాకాలం గురించి రాయమని గోడ పత్రిక కమిటీ వాళ్ళు చెప్పారు. ఎండల గురించి రాయడానికి ఏముంటుంది, "ఎండలు మండుచున్నవి, మజ్జిగ త్రాగవలెను" అని రాసి పక్కన సూర్యుడి బొమ్మ వేస్తే సగం చార్టు నిండిపోతుందిలే అనుకున్నాను. కానీ మొన్న ఇంటికి వెళ్ళి వస్తుంటే ఘాట్ రోడ్డు మలుపు దగ్గర కొండ ఒక పక్కంతా నల్లగా కాలిపోయి కనబడింది. బస్సులో నా పక్కన కూర్చున్న ఒకాయన దాన్ని చూసి, "ఈ కొండోళ్ళే తగలబెట్టుకుంటారు, మళ్ళీ వానల్లేవని ఈళ్ళే ఏడుస్తారు" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. కానీ నోరు తెరవలేదు. ఎందుకంటే ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం ఏమిటో, మిగతా సగం ఏమిటో బస్సు దిగే వరకూ ఆలోచించాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాతావరణం సంగతి. మన వాతావరణ శాఖ వారు ఏటా ఫిబ్రవరి ఆఖరున గాని, మార్చి మొదట్లో గాని, మార్చి నుంచి మే నెల వరకు ఎండలు ఎలా ఉంటాయో ఒక అంచనా చెబుతారు. అది టీవీలో వచ్చే వేళకి మనం డైనింగ్ హాలులో "ఛానల్ మార్చండి మార్చండి" అని గోల చేస్తాం. నేను కూడా చేశాను. కానీ ఆ అంచనాలు ఉత్తుత్తివి కావు. 2022 మార్చిలో దేశమంతటా పగటి ఉష్ణోగ్రతల సగటు 33.1 డిగ్రీలు వచ్చింది. 1901 నుంచి లెక్కలు రాస్తుంటే అంత వేడి మార్చి అంతకు ముందు లేదు. 2025 ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత కూడా అలాగే అన్ని ఫిబ్రవరులనీ దాటింది. ఫిబ్రవరి అంటే మనకి ఇంకా దుప్పటి విడవని నెల. ఆకు రాలే నెలలోనే ఎండ ముదిరితే ఆ రాలిన ఆకు ఎంత తొందరగా గలగలమంటుందో, అడవిలో నడిచేవాళ్ళం, మనకి ఒకరు చెప్పాలా?

ఇక్కడ ఒక మాట. సోషల్ పాఠంలో హిమాలయాల మంచు గురించి చదివినప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో "మా లంబసింగిలో కూడా మంచే కదా మాస్టారూ" అంటే అందరం నవ్వాం. నిజానికి తప్పు వాడిది కాదు. మన తెలుగులో పొగలాగా కమ్మేదీ మంచే, గడ్డి మీద తెల్లారేసరికి ఉండేదీ మంచే, హిమాలయాల మీద గుట్టలుగా పడేదీ మంచే. మన మంచు పొద్దు ఎక్కేసరికి ఆరిపోతుంది. వాళ్ళ మంచు అలాగ కాదు. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడుల వల్ల పడి, తర్వాత నెమ్మదిగా కరుగుతూ, ఎండలు వచ్చే వరకు నేలని తడిగా ఉంచుతుంది. అంటే ఆ కొండకి అది నీళ్ళ కుండ లాంటిది.

ఆ కుండ నిండకపోతే ఏమౌతుందో 2024లో తెలిసింది. ఆ జనవరిలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో నెల సగం దాటినా మంచు లేక వట్టి నేల కనబడింది. ఉత్తరాఖండ్‌లో కూడా ఆ చలికాలం పొడిగానే పోయింది. తర్వాత ఏప్రిల్‌లో నైనిటాల్ దగ్గర అడవులు అంటుకున్నాయి. వైమానిక దళం వాళ్ళు హెలికాప్టరుకి పెద్ద బకెట్ వేలాడగట్టి, భీమ్‌తాల్ సరస్సులో ముంచి, తీసుకొచ్చి మంటల మీద పోశారు. జూన్ 13న అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్ళిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. వాళ్ళు పెద్ద ఆఫీసర్లు కారు. మన ఊళ్ళలో ఫైర్ వాచర్లుగా వెళ్ళే అన్నయ్యల లాంటి వాళ్ళే.

అక్కడి కొండల మీద చీర్ పైన్ అనే చెట్టు ఎక్కువ. దాని ఆకులు సూదుల్లాగ ఉంటాయి, జిగురు ఉంటుంది, రాలి మెత్తలాగ పేరుకుంటాయి. వాళ్ళు దాన్ని పిరుల్ అంటారు. అగ్గిపుల్ల పడితే చాలు. 2024 మే నెలలో అక్కడి ప్రభుత్వం ఆ రాలిన ఆకుని ఊరివాళ్ళు ఏరి తెస్తే కిలో 50 రూపాయలకి కొంటామని ప్రకటించింది. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

మా ఊళ్ళో మాకు రెండు ఇప్పచెట్లు ఉన్నాయి. ఇప్పపువ్వు రాత్రి నుంచి తెల్లారేదాకా రాలుతుంది. కోడి కూసే వేళకి బుట్ట పట్టుకు వెళ్ళాలి, లేకపోతే పశువులు తినేస్తాయి, ఎలుగుబంటి కూడా వస్తుంది. అదే నెలలో ఆకు కూడా రాలుతుంది. ఆకుల మధ్య పువ్వు కనబడదు. అందుకని ముందుగా చెట్టు కింద ఆకుకి అగ్గి పెట్టి, నేల నల్లగా శుభ్రం చేస్తారు. నల్లటి నేల మీద తెల్లటి పువ్వు బాగా కనబడుతుంది. మా అమ్మమ్మ అలాగే చేసింది, అమ్మ అలాగే చేసింది, చిన్నప్పుడు అగ్గిపెట్టె పట్టుకెళ్ళి ఇచ్చింది నేనే.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ తెల్లవారుజామున ఆకు కాల్చి, ఆరిపోయిందనుకుని ఇంటికొచ్చింది. ఒక ఎండు మొద్దు లోపల నిప్పు ఉండిపోయింది. పొద్దెక్కి పది గంటలయ్యేసరికి గాలి కింద నుంచి పైకి తిరిగింది. పైన మా చిన్నాన్న కాఫీ తోట. మూడేళ్ళు పెంచిన మొక్కలు, మరుసటి ఏడాది కాపుకి రావలసినవి. ఊరంతా పచ్చి కొమ్మలు పట్టుకుని కొట్టారు గాని సగం తోట మాడిపోయింది. మిరియాల తీగలు కూడా పోయాయి. అప్పటి నుంచి చిన్నాన్న మా ఇంట్లో భోజనానికి రాడు. అమ్మ ఆ మాట ఎత్తదు. నేను ఈ సంగతి పత్రికలో రాయవచ్చునా అని అమ్మని అడిగితే, "రాయి, పేరు రాయకు" అంది.

కొండకి అంటిన మంట పైకే ఎందుకు పరుగెడుతుందో సైన్సు మాస్టారు వేడి ప్రసారం పాఠంలో చెప్పారు. వేడి గాలి పైకి పోతుంది, పైనున్న ఆకుని ముందుగానే ఎండబెడుతుంది. పగటి పూట గాలి కూడా లోయలో నుంచి కొండ మీదికే వీస్తుంది. రెండూ కలిస్తే మనిషి పరుగెత్తలేడు. మా తాతకి ఈ పాఠం తెలియదు గాని, పోడు కాల్చేటప్పుడు చుట్టూ రెండు బారల వెడల్పు గీకి, పై నుంచి కిందికి కాల్చేవాడు. అదీ ఊళ్ళో నలుగురూ ఉన్నప్పుడే, గాలి పడిపోయాకే. కింద నుంచి అగ్గి పెట్టినవాణ్ణి పెద్దలు తిట్టేవారట. కాబట్టి బస్సులో ఆయనకి నా జవాబు ఏమిటంటే, అగ్గి వాడడం మనకి కొత్త కాదు, అజాగ్రత్తగా వాడడమే కొత్త. పెద్దలు తెలిసి చేసినదాన్ని మనం అరకొరగా నేర్చుకున్నాం.

ఇక మిగతా సగం. అడవి కాలితే గిరిజనుడి పేరే ఎందుకు ముందు వస్తుంది? చింతూరు వైపు నుంచి వచ్చిన మన క్లాసువాళ్ళు చెప్పారు, తునికి మొక్క కొడితేనే లేత ఆకు వస్తుందట. కొట్టించాలంటే కూలి ఇవ్వాలి. అగ్గి పెడితే కూలి అక్కర లేదు. అక్కడ లాభం ఆకు ఏరిన వాడికా, ఆకు కొన్నవాడికా? అలాగే కొండ మీద మేఘాలు చూడడానికి వచ్చేవాళ్ళు రాత్రి చలిమంట వేసుకుని, పొద్దున్నే నిప్పు ఆర్పకుండా కార్లెక్కి పోతారు. రోడ్డు పక్కన సిగరెట్ పారేసేవాళ్ళు కొండ మీద ఉండరు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా మంటలు ఎక్కడున్నాయో కనిపెట్టి రాష్ట్రాలకి తెలియజేస్తున్నారు. ఇప్పుడు ఫోన్‌కి మెసేజి వస్తుంది. చాలా గొప్ప విషయమే. కానీ ఉపగ్రహానికి మంట కనబడుతుంది గాని అగ్గిపుల్ల గీసిన చెయ్యి కనబడదు. చెయ్యి ఎవరిదో కింద ఉన్నవాళ్ళే ఊహించుకుంటారు. ఆ ఊహలో మనమే ఉంటాం.

అందుకని తప్పు మనది కాదని నేను అనడం లేదు. మా ఇంటి తప్పు పైన రాశాను. అందరి తప్పూ ఒక్కరి మీద వెయ్యకూడదని మాత్రం అంటున్నాను. అమ్మకి "అగ్గి పెట్టకు" అని బోర్డు పెడితే సరిపోదు. ఆకు ఊడవడానికి ఎంతసేపు పడుతుందో ఆ బోర్డు రాసినవాళ్ళు ఒక చెట్టు కింద ఊడ్చి చూడాలి. అక్కడ పైన్ ఆకుకి కిలో 50 రూపాయలు ఇస్తామని ప్రకటించినప్పుడు, ఇక్కడ చెట్టు కింద పరచడానికి వలలు ఇవ్వలేరా? వల మీద పడిన పువ్వు మట్టి కాదు, మసి కాదు, ధర కూడా బాగా వస్తుంది. నేల కాల్చకపోతే చిన్న ఇప్పమొక్కలు కూడా బతుకుతాయి. మా ఊళ్ళో ఇప్పచెట్లన్నీ ముసలివే, పిల్లచెట్టు ఒకటీ లేదు. ఎందుకు లేదో ఇప్పుడు అర్థమౌతోంది.

మనకి హిమాలయాల్లాగ మంచు కుండ లేదు. మార్చి, ఏప్రిల్‌లలో సాయంత్రం పూట ఉరుముతో పడే మామిడి జల్లులే మన కుండ. అవి పడితే కొండ ఊపిరి పీలుస్తుంది. పడకపోతే ఆ ఏడాది భయమే.

చివరగా మన హాస్టల్ సంగతి. ఇది రాస్తే వార్డెన్ మాస్టారు కోప్పడతారేమోనని రెండు రోజులు ఆలోచించాను. వంటగది వెనక గుంటలో ఎంగిలాకులు, చెత్త, చిత్తుకాగితాలు మధ్యాహ్నం పూట తగలబెడుతున్నారు. ఆ గుంట నుంచి కొండ మొదలయ్యే చోటుకి ఇరవై అడుగులు కూడా లేదు. నేను కాళ్ళతో కొలిచాను. మధ్యలో అంతా ఎండు గడ్డి. పైన ఊరివాళ్ళ జీడితోట ఉంది. మధ్యాహ్నం గాలి ఎటు వీస్తుందో పైన రాశాను. కమాటీ మావయ్యని అడిగితే, "నాకు అప్పుడే కాళీ దొరుకుతుంది బాబూ" అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆయనకి ఉన్న పని అంత.

కాబట్టి మనవి ఏమిటంటే, వానలు పడే వరకు చెత్త కాల్చడం ఆపి ఆకులూ, మెతుకులూ పాతిపెట్టాలి. కాల్చక తప్పని కాగితాలుంటే తెల్లవారుజామున, పక్కన బిందె నీళ్ళు పెట్టుకుని కాల్చాలి. వాతావరణ శాఖ చెప్పిన మాట రోజూ ప్రార్థనలో వార్తలతో పాటు చదవాలి, అది నేనే రాసి తెస్తాను. గుంట చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి గీకెయ్యాలి. స్టోరు రూములో పారలు మూడు, గునపాలు రెండు ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్ళం ఆదివారం టిఫిన్ అయ్యాక వస్తాం. మాస్టారు తాళం ఇప్పిస్తే చాలు.