కష్తీ కట్టే చేతికి ఇజ్జత్ ఏదీ?

మాదాపూర్‌లో రిష్తా మాటలు మొదలైతే మొదటి సవాల్ ఒకటే: "లడకా ఏ కంపెనీ?" చెక్కపని మిస్త్రీ అంటే చాలు, చాయ్ కప్పు పక్కనపెట్టి లేచిపోతారు. భాయియో, బెహనో, ఈ తకబ్బుర్ మనకెక్కడిది?

మన పక్కనున్న గోల్కొండ సుల్తానుల జహాజులు మచిలీపట్నం నుంచి అరబ్బు తీరంలోని మోఖాకు సరుకులనూ హాజీలనూ మోసుకెళ్లేవి. 17వ శతాబ్దంలో గోదావరి ఒడ్డున నరసాపురంలో వడ్రంగులు పెద్ద పెద్ద ఓడలు కట్టారు. కాకినాడ దగ్గర తాళ్లరేవులో నక్షా లేకుండా, కంటి అందాజాతోనే చెక్క పడవలు కట్టే హునర్ ఇంకా బతికే ఉంది. వంపు కర్రల చట్రానికి పలకలు బిగించి, సందుల్లో నూలు కుక్కుతారు. ఒక్క జోడు వదులైనా సముద్రం మాఫ్ చేయదు. ఇది ఇంజనీరింగ్ కాదా?

హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కష్తీని పలకలూ మేకులూ గలదని ఖుర్ఆన్ చెబుతుంది. హజ్రత్ జకరియా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో హదీసుంది. పైగంబర్లకు లేని నామోషీ మనకెందుకు?

కంప్యూటర్ తాలీమ్ వద్దని నేననను. రందా పట్టిన పిల్లాణ్ణి చిన్నచూపు చూడటం నేర్పే తాలీమ్ మాత్రం వద్దు. జీతమెంతో అడిగే ముందు, చేతిలో హునర్ ఏముందో అడగండి.