వీరులని పిలిచినంత మాత్రాన

మనీలా నగరంలో లునేటా ఉద్యానవనం సమీపాన కలావ్ అనే వీధి కలదు. ఆ వీధి ప్రక్కన, చెట్లనీడన, ఏళ్ళ తరబడిగా ఒక విచిత్రమైన సంత సాగుతూ వచ్చింది. కాయగూరలకు, వస్త్రాలకు అక్కడ తావు లేదు. ఓడల కంపెనీలకు మనుషులను కుదిర్చే ఏజెంట్లు, ఏ ఓడకు వంటవాడు కావలెనో, ఏ ఓడకు ఇంజను గదిలో పనివాడు కావలెనో అట్టలపై వ్రాసి పట్టుకొని నిలబడతారు. యోగ్యతాపత్రాల సంచులను చంకన బెట్టుకొని యువకులు ఒక అట్ట నుండి మరొక అట్ట వద్దకు తిరుగుతుంటారు. కుదిరినవాడు మాసాల తరబడి సముద్రం మీదకు పోతాడు. కుదరనివాడు మరునాడు మళ్ళీ వస్తాడు.

ఫిలిప్పీన్సు 7,600కు పైగా ద్వీపాల దేశం. మూడు శతాబ్దాలకు మించి స్పెయిన్ పాలనలోను, తరువాత సుమారు అర్ధశతాబ్దం అమెరికా పాలనలోను మ్రగ్గి, 1946లో స్వాతంత్ర్యం పొందింది. అమెరికావారు నెలకొల్పిపోయిన ఇంగ్లీషు బడులు, నర్సింగు పాఠశాలలు ఆ ప్రజలకు పరదేశాల తలుపులు తెరచినవి. 2023లో ఆ ప్రభుత్వ గణాంక శాఖ జరిపిన సర్వే ప్రకారం విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీనో శ్రామికులు 21 లక్షల 60 వేలమంది. వారిలో సగానికి పైగా స్త్రీలు. ప్రతి అయిదుగురిలో ఒకరు సౌదీ అరేబియాలోనే ఉన్నారు. 2024లో పరదేశాల నుండి బ్యాంకుల ద్వారా ఇంటికి చేరిన సొమ్ము 3,449 కోట్ల డాలర్లు, అనగా దేశపు స్థూలోత్పత్తిలో సుమారు 7.5 శాతం.

ఈ వలస వరదవలె దానంతటది వచ్చిపడినది కాదని మన విద్యార్థులు గ్రహించవలెను. 1972లో సైనిక శాసనం విధించిన అధ్యక్షుడు మార్కోస్, 1974లో తెచ్చిన కార్మిక స్మృతిలో విదేశాలకు కార్మికులను పంపే బాధ్యతను ప్రభుత్వానికే అప్పగించాడు. అంతకు ముందటి సంవత్సరమే చమురు ధర పెరిగి, గల్ఫ్ దేశాలలో రోడ్లు, రేవులు, ఆసుపత్రులు లేచే కాలం మొదలైంది. ఇంట నిరుద్యోగం, ఖజానాలో విదేశ మారకద్రవ్యానికి కొరత. రెంటికీ ఒకటే మందు దొరికినదని పాలకులు సంతోషించారు. నాలుగేళ్ళ ముచ్చటగా తలచిన ఏర్పాటు అర్ధశతాబ్దం దాటింది. 1982లో మరొక ఉత్తరువు వెలువడింది. గృహసేవకురాలు తన జీతంలో సగం, నావికుడు నూటికి 80 వంతులు బ్యాంకు ద్వారానే స్వదేశానికి పంపి తీరవలెను, పంపనివారికి శిక్షలు. హాంగ్‌కాంగ్‌లోని ఫిలిప్పీనో పనికత్తెలు కూడగట్టుకొని దీనిని ఎదిరించారు. 1985లో ప్రభుత్వం ఆ శిక్షలను ఉపసంహరించుకొనక తప్పలేదు. ఇళ్ళలో అంట్లు తోమే స్త్రీలు ఒక నియంత చేత వెనుకడుగు వేయించిన ఈ ఘట్టం పాఠ్యగ్రంథాలకు ఎక్కదగినది.

మార్కోస్ పతనమైన తరువాత వచ్చిన అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో 1988లో హాంగ్‌కాంగ్ వెళ్ళి, అదే పనికత్తెల ఎదుట నిలిచి, మీరే మా ‘బాగోంగ్ బయాని’ అని కొనియాడింది. నవ వీరులని దాని అర్థం. వారి భాషలో ‘బయన్’ అంటే ఊరు, దేశం కూడా. ‘బయాని’ అంటే వీరుడు. చెవికి ఇంపైన మాటే. అయినను ఆ బిరుదు విషయంలో మాకు మొదటినుండి అనుమానమే. వీరుడు త్యాగం చేయవలసినవాడు, జీతం బకాయి అడుగరాదు. వీరుని భార్య కన్నీరు పెట్టుకొనరాదు. ఊరిలో ఉద్యోగం చూపించలేని ప్రభుత్వాన్ని నిలదీయవలసినవాని మెడలో పూలమాల వేస్తే, ఆ బరువుకు తల వంగుతుంది, ప్రశ్న గొంతులోనే నిలిచిపోతుంది.

1995 మార్చి 17న సింగపూరులో ఫ్లోర్ కాంటెంప్లాసియాన్ అనే ఫిలిప్పీనో గృహసేవకురాలిని ఉరితీశారు. తోటి ఫిలిప్పీనో పనికత్తెను, ఒక నాలుగేళ్ళ బాలుని 1991లో చంపినదని నేరం. ఆమె నిర్దోషి అని స్వదేశంలో లక్షలాది ప్రజలు నమ్మారు. న్యాయాన్యాయాల నిర్ణయం మా పని కాదు. కాని ఆ మరణంతో ఆ దేశం అట్టుడికిపోయింది. అదే సంవత్సరం జూన్‌లో వలస కార్మికుల రక్షణకు చట్టం వచ్చింది. ఆర్థికాభివృద్ధికి సాధనంగా విదేశ ఉద్యోగాలను ప్రభుత్వం ప్రోత్సహించదని ఆ చట్టంలో వ్రాసుకొన్నారు. వ్రాసిన చేతులే పంపుతూ వచ్చినవి!

మా పినతండ్రిగారు దమ్మాంలో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చారు. వారి గదిలో ఒక ఫిలిప్పీనో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. అతడు పినతండ్రిగారిని ‘కుయా’ అని పిలిచేవాడట. అంటే అన్నా అని. మంచం ప్రక్కన మనిషి కూర్చోదగినంత అట్టపెట్టె ఒకటి ఉండేదట. జీతం అందిన ప్రతిసారీ అందులోకి ఒకటి రెండు వస్తువులు చేరేవి. సబ్బులు, డబ్బాలలో నిలువచేసిన మాంసం, తువాళ్ళు, చాక్‌లెట్లు, చిన్నపిల్ల బూట్లు. ఆరు మాసాలకు పెట్టె నిండితే ఓడలో వేయించేవాడు. ఒకసారి బూట్లు చేరేసరికి పిల్ల పాదాలు పెరిగిపోయినవట. తరువాత నుండి రెండు అంగుళాలు పెద్దవి కొనేవాడు. ఈ కథ చెప్పేటప్పుడు పినతండ్రిగారు నవ్వుతారు, మా పిన్నిగారు మాత్రం లేచి లోపలికి పోతారు.

ఆ పెట్టెను ‘బలిక్‌బయన్’ పెట్టె అంటారు. ఊరికి తిరిగివచ్చువాడని ఆ మాటకు అర్థం. మనిషి రాలేనప్పుడు పెట్టె వస్తుంది. 2015 ఆగస్టులో సుంకాల శాఖవారు ఈ పెట్టెలను ఇష్టం వచ్చినట్లు విప్పి సోదా చేస్తామని ప్రకటించగా, ప్రవాసులు భగ్గుమన్నారు. అధ్యక్షుడే కల్పించుకొని ఆ ప్రయత్నాన్ని ఆపించవలసి వచ్చింది. ఒక్క సబ్బుబిళ్ళ పోతుందని వారు అంతగా మండిపడలేదు. ఆరు మాసాల మమకారాన్ని ఒక గుమాస్తా చేతులతో కెలుకుతాడా అన్నదే వారి బాధ.

తల్లులు పోవుట వలన బిడ్డలు చెడిపోతున్నారని అక్కడి పెద్దలు విమర్శిస్తుంటారు. ఇక్కడి పెద్దలూ తక్కువ తినలేదు. తండ్రి పోతే కష్టజీవి, తల్లి పోతే నిర్దయురాలు! ఈ రెండు తక్కెడల తూకం మాకు సమ్మతం కాదు. పరాయి బిడ్డకు అన్నం తినిపిస్తూ, తన బిడ్డ ఎదుగుదలను ఫోను తెరమీద చూసుకొనే స్త్రీకి ధర్మోపదేశం చేయుటకు మనమెవరము? ఆమె జీతంతోనే ఆ బిడ్డ బడికి పోతున్నదని కూడా చెప్పుకొనవలెను. అమ్మమ్మ, పిన్ని ఆ బిడ్డను పెంచుతారు. పెంపకం చెడదు. అయితే ఏదో ఒకటి కొరత పడుతుంది. దానికి మాకు పేరు తెలియదు.

ఆ ప్రభుత్వం చేసిన మంచిని దాచుట న్యాయం కాదు. 2006లోనే తమ గృహసేవకులకు నెలకు 400 డాలర్ల కనీస వేతనం నిర్ణయించారు. 2018లో కువైటులో ఒక పనికత్తె శవం శీతలపెట్టెలో బయటపడగా, అక్కడికి మనుషులను పంపుట నిలిపివేసి, పాస్‌పోర్టును, ఫోనును యజమాని లాగుకొనరాదని ఒడంబడిక వ్రాయించుకొన్న పిదపనే తిరిగి పంపారు. 2003 నుండి ప్రవాసులు ఉన్నచోటనే ఓటు వేయవచ్చును. 2021లో వారికొరకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పాటు చేసే చట్టం వచ్చింది. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి కువైటు ఇళ్ళకు పోయే మన స్త్రీలకు, కరీంనగర్, నిజామాబాదుల నుండి పోయే మన కూలీలకు 1983 నాటి చట్టం ఒకటి అండగా ఉన్నదంటారు. పరదేశంలో ఉండి ఓటు వేయుటకు మాత్రం వారు విమానమెక్కి సొంత ఊరు రావలసినదే. వీరులను చేసుకొన్న దేశం, చేసుకొనని దేశం, రెండూ సొమ్ము లెక్కలో మాత్రం సమానమే.

ఇంతదూరం ఫిలిప్పీన్సు మాట ఎత్తుటకు కారణం ఉన్నది. ప్రవేశ దరఖాస్తులను సరిచూచుట ఏటా మా వంతు అవుతుంది. ‘తండ్రి వృత్తి’ అన్న గడిలో కొందరు పిల్లలు ‘సౌదీ’ అని వ్రాస్తారు. తాపీపనియా, డ్రైవరా అని అడిగితే తెలియదంటారు. దేశమే వృత్తి అయిపోయింది. అదే పత్రం చివర ‘తండ్రి సంతకం’ అన్న గడి ఉన్నది. గత సంవత్సరం మా తరగతి విద్యార్థి ఒకడు ఆ ఒక్క సంతకం లేక ఉపకారవేతనపు గడువు దాటించుకొన్నాడు. అతని తల్లి రెండు రోజులు కార్యాలయం వరండాలో నిలబడింది. ఉర్దూలో ముత్యాలవంటి దస్తూరీతో సంతకం చేయగల తల్లి ఆమె. ఆ గడి ఆమెది కాదన్నారు. ఆ బల్ల దగ్గర మేమును ఉన్నాము, నిబంధన అని ఊరకున్నాము.

వచ్చే జూన్‌కు పత్రాలు అచ్చువేయించేటప్పుడు ఆ గడిలో ‘తండ్రి లేక తల్లి’ అని చేర్పించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. పాత ప్రతులు ఇంకా మిగిలి ఉన్నచో, ఆ రెండు మాటలను చేతితో వ్రాయుటకు మేము, మా తరగతి పిల్లలు సిద్ధంగా ఉన్నాము.