తల మార్చాలా, అతుకు వెయ్యాలా?

"సార్, రాస్ పగిలింది!" అని శుక్రవారం పొద్దున్నే ఫోను. మేము అప్పుడే పెసరట్టు ముందు కూర్చున్నాం. అరబ్బీలో రాస్ అంటే తల. తల పగిలిందని కబురొస్తే వైద్యుడన్నవాడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వరసగా అడిగేశాం. స్పృహ ఉందా? వాంతులయ్యాయా? చెవిలోంచి రక్తం గానీ వస్తోందా? అవతలి మనిషి కాసేపు ఊరుకుని, "నాది కాదు సార్, బండిది" అన్నాడు. మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మనిషిది జగిత్యాల వైపు. జెద్దా నుంచి తాయిఫ్‌కు సిమెంటు బస్తాలు తోలే లారీ డ్రైవరు. రెండేళ్ళ క్రితం మూత్రపిండంలో రాయితో మా దగ్గరికి వచ్చాడు, అప్పటినుంచీ పరిచయం. సంగతేమిటంటే, సైల్ దారి ఎక్కుతుండగా ఇంజను కాగిపోయింది. అతను బండి పక్కకు తీసి ఆపాడు. ఆపకుండా తోలాడని ఫోర్‌మన్ అంటాడు. హెడ్డు పగిలింది కాబట్టి కొత్తది వెయ్యాలి, ఆ ఖర్చు జీతంలోంచి కొయ్యాలి అని తీర్మానం. కొత్త హెడ్డు వెల అతని నాలుగు నెలల జీతం. వీసాకు ఊళ్ళో చేసిన అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. "అతుకేస్తే నడవదా సార్? మీరు చదువుకున్నోళ్ళు, జర చెప్పున్రి" అన్నాడు. మేము చదివింది మనుషుల తలల గురించేనని చెప్పినా వినలేదు.

ఇంజను సంగతి తెలియని వారికోసం రెండు ముక్కలు. సిలిండర్ల మీద బిగించే బరువైన మూత హెడ్డు. గాలి, పొగ వచ్చిపోయే వాల్వులూ, డీజిలు చిమ్మే ఇంజెక్టర్లూ అందులోనే ఉంటాయి. లోపల నీళ్ళు తిరిగే దారులుంటాయి. ఒకవైపు మంట, వేలెడు దూరంలో నీళ్ళు. నీళ్ళు సరిగ్గా తిరగకపోతే వేడికి వంగుతుంది, లేదా వాల్వుల మధ్య సన్నగా బీట వారుతుంది. ఈ లారీది బెంజి వారి పాత ఓ.ఎం. 352 ఇంజను. 1964లో వచ్చిన రకం, ఆరు సిలిండర్లకూ కలిపి ఒకటే హెడ్డు. అదే కంపెనీ తరవాత తెచ్చిన 400 వరస వి-ఇంజన్లలో సిలిండరుకొక హెడ్డు విడిగా ఉంటుంది, పాడైనది ఒక్కటీ మార్చుకుంటే చాలు. ఇక్కడ ఆ వీలు లేదు. 1954 నుంచి 1969 దాకా టాటా వారికి బెంజి వారితో పొత్తు ఉండేది గనుక ఈ జాతి ఇంజన్లు మన విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలకు కొట్టిన పిండే. కానీ ఆటోనగర్ ఇక్కడ లేదే!

సాయంత్రం సనాయియాలో ఒక మఖ్రతాకు, అంటే లేతు పని చేసే షెడ్డుకు, వెళ్ళాం. అక్కడి ఉస్తాదు పాకిస్తానీ పెద్దాయన, గడ్డమంతా నెరిసింది. తొందర లేని మనిషి. ముందు హెడ్డును కడిగించి, ఉక్కు బద్ద ఆనించి, కింద సన్న రేకులు దూర్చి వంపు చూశాడు. కొంచెం వంగింది, మిల్లింగు పడితే చదునవుతుందన్నాడు. తరవాత నీటి దారులన్నీ బిగించి, లోపలికి గాలి కొట్టి, వేడినీళ్ళ తొట్టిలో ముంచాడు. నాలుగో సిలిండరు వాల్వు సీటు పక్కనుంచి బుడగలు వరసగా పైకి వచ్చాయి. మా డ్రైవరు మొహం చూడలేకపోయాం.

వాల్వుల మధ్య పైపైన ఉన్న వెంట్రుకవాసి బీటైతే వదిలేసి నడిపే ఇంజన్లు చాలా ఉన్నాయట. ఇది నీళ్ళదాకా పోయింది. పోత ఇనుముకు వెల్డింగు పెట్టాలంటే హెడ్డంతా సమంగా కాల్చి, మెల్లగా చల్లార్చాలి, లేకపోతే అతుకు పక్కనే కొత్త బీట పుడుతుంది. కాల్చకుండా బీట పొడవునా మరమేకులు వరసగా దిగ్గొట్టి కుట్టే పద్ధతి ఒకటుంది, సీటు దగ్గర చోటు చాలదన్నాడు. తష్లీహ్‌లో పాత హెడ్డు కొంటే దాని పూర్వచరిత్ర ఎవరికి తెలుసు? దాన్నీ ఇదే తొట్టిలో ముంచాలి. "జెద్దాలో తిరిగే బండైతే అతుకేసి ఇస్తాను, తాయిఫ్ ఎక్కే బండికి కొత్తదే" అని తేల్చేశాడు. మేమైనా అదే చెప్పేవాళ్ళం అనిపించింది. డ్రైవరు కోసం అతుకు మాట వినాలనే వెళ్ళాం గానీ, వినబడలేదు.

అప్పుడు ఉస్తాదు ఇంకో పని చేశాడు. హెడ్డు తిరగేసి నీటిదారిలో పుల్లతో గీకాడు. తెల్లటి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. మందు కలపకుండా ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు పోస్తే గట్టే రాయి. ఈ బండికీ, మా రోగికీ ఒకే జబ్బన్నమాట! రేడియేటరు మూత రబ్బరు కూడా చిట్లిపోయింది. మూత గట్టిగా ఉంటే లోపలి ఒత్తిడికి నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత కారితే, సుమారు 1,800 మీటర్ల ఎత్తున్న తాయిఫ్‌లో 94 డిగ్రీలకే మరిగిపోతాయి. తాయిఫ్‌లో కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకలేదని వాపోయిన ఇల్లాళ్ళకు ఈ లెక్క తెలిసిందే. (కాగిన రేడియేటరు మూత తియ్యకండి బాబూ. మొహాలు కాలి వచ్చేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లని నీళ్ళు పోయండి. సిరా, పళ్ళపేస్టు పూయకండి.)

ఇక డబ్బు సంగతి. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణం ప్రకారం పనివాడి తప్పువల్ల యంత్రం పాడైతేనే యజమాని జీతంలో కోయవచ్చు, అదీ నెలకు ఐదు రోజుల జీతం మించకుండా. ఇళ్ళలో పనిచేసే డ్రైవర్లకు ఇది వర్తించదు, వారి నియమాలు వేరు. అయితే తప్పు ఎవరిదో చూపించేదెలా?

మా డ్రైవరు జేబులోంచి డైరీ తీశాడు. ఎప్పుడో మేమే ఇచ్చిన మందుల కంపెనీ డైరీ. అందులో పెన్సిలుతో తెలుగులో ఇలా ఉంది: "రేడియేటర్ల అయిదు లీటర్లు పోసిన. చెప్పిన." మళ్ళీ పదిరోజులకు, "ఏడు లీటర్లు. చెప్పిన." ఆరు వారాల్లో నాలుగుసార్లు, నాలుగుసార్లూ "చెప్పిన". ఇంతకన్నా శుభ్రమైన కేసు షీటు మా వార్డులో కూడా చూడలేదు. మేము ఇంగ్లీషులోకి మార్చాం, మా ఆస్పత్రి గుమాస్తా అరబ్బీలో రాసిపెట్టాడు. ఉస్తాదు సున్నం పెచ్చులు ఒక కవర్లో పోసి ఇచ్చాడు.

కఫీల్ చదివాడు. కవరు కూడా విప్పి చూశాడట. కొత్త హెడ్డు వేయించి, రేడియేటరు శుభ్రం చేయించి, మూత మార్పించి, కూలెంటు పోయించాడు. ఈలోగా మొదటినెల ఐదు రోజుల జీతం కోసేశారు. తరవాత కోత ఆపారు. కోసింది మాత్రం తిరిగి రాలేదు. అడగమంటే, "వద్దు సార్, వీసా కొత్తది చెయ్యాలె" అన్నాడు. మేమూ గట్టిగా చెప్పలేకపోయాం.

మొన్న వచ్చినప్పుడు ఈ ఏటి డైరీ ఉంటే ఇమ్మన్నాడు. రెండిచ్చాం, ఒకటి అతని గదిలో ఉండే ఇంకో డ్రైవరుకు.